ప్రహరీ లోపల మరో గోడ

కోస్తా పట్టణాల్లో కతోలిక మఠకన్యలు నడిపే పాత బాలికల పాఠశాలల ఆవరణలోకి అడుగుపెడితే చాలాచోట్ల ఒకటి కాదు, రెండు బడులు కనిపిస్తాయి. రోడ్డు వైపు ఇంగ్లీషు మీడియం కాన్వెంటు ఉంటుంది. దాని గేటు ముందు ఆటోలు, స్కూటర్లు, మధ్యాహ్నం క్యారేజీలు పట్టుకొచ్చిన తాతయ్యలు ఉంటారు. వెనక, మఠాన్నీ గుడినీ ఆనుకొని, టీచర్లకు ప్రభుత్వం జీతాలిచ్చే ఎయిడెడ్ తెలుగు మీడియం ఉన్నత పాఠశాల, దానికి చేర్చి బోర్డింగు ఉంటాయి. అక్కడి పిల్లలు పల్లెల నుంచి ట్రంకు పెట్టెలతో వచ్చినవాళ్లు, ఎక్కువమంది కూలీనాలీ చేసుకొనే ఇళ్లవాళ్లు. రెంటికీ యాజమాన్యం ఒకటే, పండుగ ఒకటే, మరియమాత గుహ ఒకటే. మధ్యలో మాత్రం ఒక గోడ ఉంటుంది. కొన్నిచోట్ల అది నిజంగా ఇటుకల గోడ. మరికొన్నిచోట్ల వేరే గంట, వేరే యూనిఫారం, వేరే గేటు కలిసి ఆ గోడ చేసే పనే చేస్తాయి.

నేను పదో తరగతి వరకు చదివింది అలాంటి ఒక ఆవరణలో, రోడ్డు వైపు బడిలో. ఆ సిస్టర్లు చెప్పిన చదువుకూ, వేళకు పని ముగించే అలవాటుకూ ఈనాటికీ రుణపడి ఉన్నాను కనుకనే ఈ విషయం మొహమాటం లేకుండా రాయాలనిపించింది. నా వాదన ఒక్కటే. బాలికల పాఠశాల చేసే సేవను ఏడాదికి ఎన్ని దుప్పట్లు పంచింది, ఎన్ని బస్తాల బియ్యం పంపింది అనే లెక్కతో తూచకూడదు. ఆ సేవ వల్ల ఆ బడి తన సొంత నడకను ఎంత మార్చుకుంది, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టింది, టైమ్‌టేబుల్లో దానికి ఏ పీరియడు ఇచ్చింది అన్నదాన్ని బట్టి తూచాలి. అలా చూస్తే మన కాన్వెంట్లలో జరిగే దానధర్మాల్లో చాలాభాగం ఆ లోపలి గోడ జోలికి వెళ్లకుండానే ముగిసిపోతుంది.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం వచ్చిందంటే మా బడిలో తరగతికొక డబ్బా పెట్టేవారు. చిరుతిండి మానుకొని మిగిల్చిన చిల్లర అందులో పడాలన్నది నియమం. శుక్రవారాల్లో గుప్పెడు బియ్యం కూడా తేవాలి. అన్నానికి ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు పక్కన తీసిపెట్టే అలవాటు తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పాతదే. బడి ద్వారా అది మాలాంటి హిందువుల ఇళ్లకూ, ముస్లింల ఇళ్లకూ పాకింది, మా అమ్మ ఏ అభ్యంతరమూ లేకుండా కాగితం పొట్లం కట్టి ఇచ్చేది. టీచరు బల్ల పక్కన గోనెసంచి మూతి తెరిచి ఉండేది. అందులో ఒకరి ఇంటి పాత సన్నబియ్యం, ఇంకొకరి కొత్త బియ్యం, మరొకరి రేషను బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఆ సంచులు ఎక్కడికి వెళ్తాయో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పేదలకు అన్న ఒక్క మాటతో సరిపోయేది. అవి గోడ అవతలి బోర్డింగు వంటింటికే వెళ్లేవని, రకరకాల బియ్యం కలిసిపోవడం వల్ల ఒకటి పలుకుగా ఉండగానే ఇంకొకటి జావ అయిపోయేదని, “ఈ బియ్యం వండటం నా వల్ల కాదు సిస్టరమ్మా” అని వంట ఆయమ్మ మొత్తుకుంటే చివరికి పిండి పట్టించి రొట్టెలకు వాడారని చాలా ఏళ్ల తరువాత, ఆ బోర్డింగులో ఉండి చదువుకున్న ఒక స్నేహితురాలు చెబితే తెలిసింది. మేము త్యాగమనుకొని ఇచ్చిన బియ్యం తిన్నది మా ఈడు పిల్లలే, మా ఆటస్థలానికి ఆనుకొని ఉన్న గదుల్లో. వాళ్ల పేర్లు మాకు తెలియవు.

క్రిస్మసుకు ముందు బట్టలు, నోటు పుస్తకాలు పంచే సభ ఒకటి జరిగేది. వెనక బ్యానరు, ముందు ఫొటోగ్రాఫరు, మధ్యలో వరుసగా నిలబడిన పిల్లలు. చివర కృతజ్ఞతలు చెప్పే ప్రసంగం ఎప్పుడూ అవతలి బడి అమ్మాయిదే. కంఠస్థం చేసిన ఇంగ్లీషు వాక్యాలను ఎక్కడా తడబడకుండా ఒప్పజెప్పి, చేతులు జోడించి దిగిపోయేది. ఇచ్చేవాళ్లకు మాట్లాడవలసిన అవసరం లేదు, పుచ్చుకొనేవాళ్లకు మాత్రం ప్రసంగం తప్పదు. ఈ ఏర్పాటులో ఉన్న వింత పెద్దలెవరికీ తట్టకపోవడం ఇప్పుడు తలుచుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఒకరి బతుకు ఒకరు పంచుకొని ఉండటమంటే ఏమిటో ఆ ఆవరణలో నిజంగా తెలిసినవాళ్లు బోర్డింగు పిల్లలే. తెల్లవారకముందే లేవడం, పూజ, ఆ తరువాత డ్యూటీలు: ఊడ్చే డ్యూటీ, వడ్డించే డ్యూటీ, మొక్కలకు నీళ్లు పోసే డ్యూటీ. ఆరో తరగతిలో కొత్తగా చేరి అమ్మ కోసం ఏడ్చే పిల్లను తొమ్మిదో తరగతి అక్కకు అప్పజెప్పేవారు. తలదువ్వి జడలు వేయడం, పేలు చూడటం, జ్వరం వస్తే సిస్టరుకు చెప్పి గంజి తెచ్చిపెట్టడం ఆ అక్క బాధ్యత. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ సీసా ఎవరిదైనా బల్ల మీదకు వచ్చాక అందరిదీ. సేవ అన్న పేరు పెట్టకుండా రోజూ ఆ పని చేస్తున్నవాళ్లను మేము సేవ పొందేవాళ్లుగా లెక్కవేశాం. ఉదయం మేము అసెంబ్లీకి నిలబడే నేలను ఊడ్చిందీ వాళ్లే.

ఇది ఏదో ఒక బడి తప్పు కాదు, ఆ గోడ నిన్న మొన్నటిదీ కాదు. తెలుగు నేల మీద బాలికల చదువుకు మఠకన్యలు చేసినదాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లకు చరిత్ర తెలియదనే చెప్పాలి. ఫ్రాన్స్‌లోని అనెసీకి చెందిన సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లోనే యానాంకు వచ్చి ఆ తరువాత విశాఖపట్నం చేరుకున్నారు. ఇటలీలోని ట్యూరిన్ నుంచి వచ్చిన సెయింట్ ఆన్ సిస్టర్లు 1871లో సికింద్రాబాదులో పని మొదలుపెట్టారు. నెదర్లాండ్స్‌లో పుట్టిన జీసస్ మేరీ జోసెఫ్ (జె.ఎం.జె.) సభ సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. ఆ గుంటూరు మఠంలో చేరడానికే ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లౌరీ అనే డాక్టరు 1920లో వచ్చి, స్త్రీలకూ పసిపిల్లలకూ వైద్యం చేస్తూ, స్థానిక అమ్మాయిలకు మందులివ్వడం, పురుళ్లు పోయడం, రోగుల్ని చూసుకోవడం నేర్పారు. ఆమె చొరవతో 1943లో ఏర్పడిన కతోలిక ఆసుపత్రుల సంఘం నేటికీ పనిచేస్తోంది. ఆమె చేసిన దానిలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి ఉంది: మందు పుచ్చుకోవడానికి వచ్చిన ఊళ్ల నుంచే మందు ఇచ్చే చేతుల్ని తయారుచేశారు. అదే కాలంలో కంటోన్మెంటు పట్టణాల్లో దొరల పిల్లలకొక బడి, మన పిల్లలకొక బడి వేర్వేరుగా నడిచేవి. దొరలు వెళ్లిపోయినా ఆ అలవాటు మిగిలింది, చర్మం రంగు ఉన్న చోట ఫీజు రసీదు వచ్చింది.

ఈ మాదిరికి అందరూ ఎరిగిన ఉదాహరణ కలకత్తాలోని ఎంటాలీ. లొరెటో సిస్టర్ల ఆవరణలో ఇంగ్లీషు మీడియం బడి ఒకటి, సెయింట్ మేరీస్ అనే బెంగాలీ మీడియం బడి ఒకటి ఉండేవి. బెంగాలీ బడిలో చీరలు కట్టుకొనే, సికింద్రాబాదు సభ కాని మరో సెయింట్ ఆన్ సభ బెంగాలీ సిస్టర్లు కూడా పాఠాలు చెప్పేవారు. ప్రహరీ అవతల మోతీఝీల్ మురికివాడ. మదర్ తెరెసా 1931 నుంచి ఆ బెంగాలీ బడిలో పాఠాలు చెప్పి, 1944లో దాని ప్రధానోపాధ్యాయురాలయ్యారు. అప్పటి మఠం నియమాల ప్రకారం సిస్టర్లు మామూలుగా బయటికి వెళ్లకూడదు. విద్యార్థినులు మాత్రం మరియమాత పేరిట ఏర్పడిన సమాజంలో చేరి, జూలియన్ హెన్రీ అనే జెస్యూట్ (యేసు సభ) గురువు ప్రోత్సాహంతో ఆ మురికివాడకూ, ఆసుపత్రికీ క్రమం తప్పకుండా వెళ్లి వచ్చేవారు. గోడ అవతల ఏముందో టీచరుకు ఆ పిల్లలే వచ్చి చెప్పేవారన్నమాట. 1948లో ఆమె మఠం విడిచి వెళ్లాక, 1949 మార్చిలో ఆమె వెంట నడవడానికి మొదట వచ్చిన సుభాషిణీ దాస్ ఆ బడిలో చదువుకున్న అమ్మాయే. మదర్ తెరెసాను గురించి మనవాళ్లు ఎంతో రాశారు. ఆ వారంవారం మురికివాడకు నడిచిన బడిపిల్లల గురించి మాత్రం పెద్దగా రాయలేదు. నా దృష్టిలో ఆ కథ మొదలైంది వాళ్ల దగ్గర.

అయితే ఎంటాలీలో ఆ పిల్లలు బయటికి వెళ్లారే గాని బయటి పిల్లలు లోపలికి రాలేదు. ఆ రెండో అడుగు వేసింది అదే నగరంలోని సియాల్దా లొరెటో డే స్కూలు. 1857 నుంచి ఉన్న ఆ బడికి 1979లో ఐర్లండ్‌కు చెందిన సిస్టర్ సిరిల్ మూనీ ప్రిన్సిపాల్‌గా వచ్చి 2011 వరకు ఉన్నారు. జంతుశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి. లెక్క సూటిగా ఉండేది. ఫీజు కట్టే పిల్లలున్న బడిలోకి ఫీజు కట్టలేని పిల్లల్ని ఏడాదికేడాది పెంచుతూ పోయారు. కొంతకాలానికి దాదాపు 1400 మంది పిల్లల్లో సగానికి సగం ఫీజు లేకుండా చదివే స్థితి వచ్చింది. ఎవరు ఫీజు కడుతున్నారో ఎవరు కట్టడం లేదో పక్క బెంచీ వాళ్లకు తెలియనక్కరలేదు. యూనిఫారం ఒకటే, సెక్షను ఒకటే, పరీక్ష ఒకటే.

దేశంలోనే అత్యంత రద్దీగా ఉండే రైల్వే స్టేషన్లలో ఒకటి ఆ బడికి దగ్గరలోనే ఉంది. ప్లాట్‌ఫారాల మీద, పేవ్‌మెంట్ల మీద బతికే పిల్లల కోసం 1985లో అక్కడ రెయిన్‌బో అనే ఏర్పాటు మొదలైంది. ఆ పిల్లలు తమ పని చూసుకొని, వీలైన వేళకు వచ్చి, వీలైనంతసేపు ఉండవచ్చు. రాలేని రోజు రాకపోయినా పేరు కొట్టేయరు. మరి వేళాపాళా లేకుండా వచ్చే పిల్లకు చదువు చెప్పేదెవరు? అదే బడిలో అయిదో తరగతి మొదలు పైతరగతుల వరకు ఉన్న అమ్మాయిలు. పని విద్య పీరియడ్లను వారమంతటా ఒక్కో తరగతికి ఒక్కో వేళలో పడేలా సర్దారు కనుక, రోజులో ఎప్పుడు చూసినా ఏదో ఒక తరగతి పిల్లలు ఖాళీగా దొరుకుతారు. ఒక వీధిపిల్లకు ఒక బడిపిల్ల, పలకో పుస్తకమో ముందు పెట్టుకొని, ఒకరికొకరుగా కూర్చుంటారు. తగినంత చదువు వచ్చిందనుకున్నాక ఆ పిల్లను అదే బడిలోనో మరో బడిలోనో వయసుకు తగ్గ తరగతిలో చేరుస్తారు. రాత్రివేళ వీధిలో పడుకోలేని ఆడపిల్లలకు తరువాతి కాలంలో ఆ బడి భవనమే నిద్రకు చోటయింది.

ఇక్కడ నన్ను ఆకట్టుకున్నది ఔదార్యం కంటే టైమ్‌టేబులు. మన రాష్ట్ర బోర్డు బడుల్లోనూ పని విద్య పేరుతో పీరియడు ఉంది. సాధారణంగా అది లెక్కల టీచరుకు అప్పుగా పోయి, తిరిగి రాదు. సియాల్దాలో ఆ పీరియడే మొత్తం పనికి ఇరుసు అయింది. వారంలో ఒక రోజు కొందరు అమ్మాయిలు చుట్టుపక్కల పల్లె బడులకు వెళ్లి అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పేవారు. మరికొందరు తమ వీధుల్లో, తమ అపార్టుమెంట్లలో ఇంటిపని చేస్తున్న చిన్నపిల్లలెవరో కనుక్కొని, వాళ్లతో స్నేహం చేసి, వాళ్లను చదువు దాకా తీసుకురావడానికి ప్రయత్నించారు. ఈ చివరి పని ఎంత ఇబ్బందికరమో ఆలోచించండి. పదమూడేళ్ల అమ్మాయి ఇంటికి వెళ్లి, తనకు కాఫీ తెచ్చి ఇచ్చిన పిల్ల వయసెంతని అమ్మను అడగవలసి వస్తుంది. పాత గౌన్లు మడతపెట్టి బడికి పంపడంలో ఆ ఇబ్బంది లేదు, అందుకే మనకు అది సుఖంగా ఉంటుంది.

దీనిపై వచ్చే అభ్యంతరాల్లో కొన్ని తేలికవి. వీధిపిల్లలతో కలిస్తే మా పిల్లలకు పేలు పడతాయి, మాటతీరు చెడిపోతుంది, మార్కులు తగ్గుతాయి అన్నవి. సిస్టర్ సిరిల్ ఉన్న మూడు దశాబ్దాల పైచిలుకు కాలంలో ఆ బడిలో తమ పిల్లల్ని చేర్చాలని వచ్చే మధ్యతరగతి తల్లిదండ్రులకు కొరత రాలేదన్నదే వాటికి చాలిన సమాధానం. మతం మార్చడానికే ఇదంతా అన్న అనుమానం ఇంకొకటి. మా బడిలో కతోలిక పిల్లలు జ్ఞానోపదేశం అనే తమ మతపాఠానికి వెళ్లిన పీరియడులో మేము మోరల్ సైన్సుకు కూర్చునేవాళ్లం. పదేళ్లు చదివిన మా తరగతిలో ఎవరి ఇంటి దేవుడూ మారలేదు. ఆ అనుమానం మీద ఇంతకంటే కాలం వెచ్చించాలని నాకు లేదు.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. పేద పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి చదువు చెప్పించడం వల్ల బాగుపడేది డబ్బున్న పిల్ల మనసే కాదా, ఆ పేద పిల్ల ఇక్కడ కూడా మరొకరి శిక్షణకు పనికొచ్చే వస్తువు అయిపోదా అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేను. బడిపిల్ల ఎంత ప్రేమగా చెప్పినా తర్ఫీదు పొందిన టీచరుకు సాటిరాదు. ఆరోజు ఆమెకు విసుగ్గా ఉంటే ఎదుటి పిల్ల పాఠం అక్కడితో ఆగుతుంది. సియాల్దా పద్ధతిని ఈ విమర్శ నుంచి కొంతైనా కాపాడేది దాని రెండో మెట్టు అనుకుంటాను: ఆ పిల్ల చివరకు మామూలు తరగతిలోకి వచ్చి చేరుతుంది, తానూ పై తరగతికి వెళ్లాక మరొకరికి చదువు చెబుతుంది. ఆ మెట్టు లేకుండా వారానికొకసారి మురికివాడకు వెళ్లి పలకలు పట్టించి ఫొటో దిగి వచ్చే కార్యక్రమాలకు ఈ విమర్శ అక్షరాలా వర్తిస్తుంది.

మన దగ్గర ఈ చర్చకు చట్టం కూడా అడ్డుపడింది, లేదా అడ్డుగా వాడుకుంటున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్నది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. మైనారిటీల హక్కును కాపాడే 30వ అధికరణం విలువ నాకు తెలుసు. దాన్ని నీరుగార్చాలని నేను కోరను. కాని చట్టం అడగడం లేదు గనుక మేము చేయనక్కరలేదన్న మాట సువార్త పేరున పుట్టిన బడి నోట రావలసింది కాదు. సియాల్దాలో సగం సీట్లు ఇచ్చిన రోజుల్లో విద్యాహక్కు చట్టమే లేదు.

పైగా మన ఆవరణల్లోని గోడకు కులం కూడా ఉంది. బోర్డింగుల్లో చదివే పల్లె క్రైస్తవ పిల్లల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు దూరం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషను దగ్గర ఆగిపోయారు. ఆ వివక్ష మీద కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) ఏళ్లుగా గొంతెత్తుతున్నారు, ఎత్తడం న్యాయమే. అదే పిల్లలు సొంత ఆవరణలో వెనక గేటు నుంచి లోపలికి రావడం మీద కూడా అంత గట్టిగా మాట్లాడితే వినాలని ఉంది.

ఇప్పుడు ఆ వెనక బడే నీరసిస్తోంది. ఎయిడెడ్ పోస్టుల్లో రిటైరైన టీచర్ల స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల సిబ్బందిని తనకు అప్పగించమని కోరినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరోవైపు రోడ్డు వైపు బడి కార్పొరేటు బడులతో పోటీపడలేక ఫౌండేషను కోర్సుల బోర్డులు తగిలిస్తోంది. విచిత్రమేమిటంటే సియాల్దా ఆలోచన మన దాకా రాకపోలేదు. హైదరాబాదులో వీధి బాలికల కోసం ప్రభుత్వ బడి భవనాల్లోనే నడిచే రెయిన్‌బో హోమ్స్‌కు స్ఫూర్తి ఆ బడే. పగలు పాఠాలు జరిగే భవనం రాత్రి ఆ పిల్లలకు ఇల్లవుతుంది. సర్కారు బడి గదిలో వీలైనది పెద్ద వరండాలూ ఆటస్థలాలూ ఉన్న కాన్వెంటులో ఎందుకు వీలుకాదో సిస్టర్లు చెప్పాలి.

నిజానికి అన్నీ సిస్టర్ల మీద తోయడం కూడా న్యాయం కాదు. వాళ్ల సంఖ్య తగ్గుతోంది, వయసు పెరుగుతోంది, నిర్ణయాలు సభకు ప్రాంతీయ పెద్ద అయిన ప్రొవిన్షియల్ దగ్గర ఆగుతాయి. పూర్వ విద్యార్థినులమైన మేము బడికి ఏమి ఇస్తామంటున్నామో కూడా చూసుకోవాలి. మా వాట్సాప్ గ్రూపులో జూబిలీ కోసం ఆర్చి కట్టిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఆ డబ్బుతో వెనక బడిలో ఖాళీగా ఉన్న సైన్సు పోస్టుకు మూడేళ్ల జీతం భరిద్దామని నేనన్నాను. “ఆర్చి మీదైతే మన బ్యాచి పేరు చెక్కిస్తారు కదే” అని ఒక స్నేహితురాలు నవ్వుతూ అంది గాని, అందులో సగం నిజమే ఉందని ఇద్దరికీ తెలుసు. ఇప్పటికి కొందరు ఒప్పుకున్నారు. వేసవి సెలవుల్లో వెళ్లి ప్రొవిన్షియల్‌ను కలిసినప్పుడు డబ్బుతో పాటు ఒక షరతు కూడా ముందుపెట్టాలనుకుంటున్నాం: ఆ జీతంతో వచ్చే టీచరు రెండు బడుల తొమ్మిదో తరగతి అమ్మాయిలనూ కలిపి ఒకే ల్యాబులో, ఒకే పీరియడులో కూర్చోబెట్టి పాఠం చెప్పాలి.